44 కిలోలు తగ్గాక మిగిలిన చర్మం

ప్రశ్న: నా వయసు 41 ఏళ్ళు, ఎత్తు 160 సెంటీమీటర్లు. బరంపురంలో పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు ఆపరేషన్. రెండేళ్ళ రెండు నెలల క్రితం నా బరువు 114 కిలోలు. వీధి చివరి వరకు నడవడంతో మొదలుపెట్టి ఇప్పుడు రోజూ ఆరేడు కిలోమీటర్లు నడుస్తున్నాను. రాత్రి అన్నం మానేసి మజ్జిగ, దోసకాయ ముక్కలతో సరిపెట్టుకుంటున్నాను. 70 కిలోలకు వచ్చి నాలుగు నెలలుగా అక్కడే ఉన్నాను. కిందటి చైత్రంలో తారాతారిణి కొండ 999 మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాను. అయితే పొట్ట మీది చర్మం మడత పడి కిందికి జారింది, రెట్టలు వేలాడుతున్నాయి. ఎండాకాలంలో మడత కింద ఎర్రబడి మంట, వాసన. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గి మళ్ళీ వస్తోంది. మెషీనుతో చర్మం బిగిస్తామని ఒక క్లినిక్ వారు ఎనిమిది సిట్టింగులకు 60 వేలు చెబితే 10 వేలు అడ్వాన్సు కట్టాను. పెళ్ళిళ్ళలో బంధువులు నన్ను చూసి సుగరా, ఇంకేదైనా జబ్బా అని అడుగుతున్నారు. దీపం ఆర్పితే గానీ చీర మార్చుకోలేకపోతున్నాను. ఇంకా ఎక్కువ నడిస్తే ఈ చర్మం లోపలికి పోతుందా? ఆపరేషన్ తప్పదా? మళ్ళీ కాస్త ఒళ్ళు చేస్తే ముడతలు నిండుతాయేమో అని కూడా అనిపిస్తోంది. మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది.

సమాధానం:

అమ్మా,

మీరు చివర అడిగినదానికే ముందుగా జవాబు చెప్పాలి. ముడతలు నింపుకోవడానికి మళ్ళీ ఒళ్ళు చేయాలన్న ఆలోచనను దయచేసి ఈ రోజే మనసులోంచి తీసివేయండి. తిరిగి చేరే కొవ్వు మీరు కోరిన చోట మాత్రమే చేరి, మీరు కోరినంత వరకే ఆగదు. అందులో కొంత పొట్ట లోపల, కాలేయంలో పేరుకుని రక్తపోటునూ చక్కెరనూ పెంచుతుంది, బయటి మడత మరింత బరువెక్కి ఇంకా కిందికి లాగుతుంది. మోకాళ్ళ అరుగుదల ఉన్నవారిని నడిపించి కొలిచినప్పుడు, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. ఆ లెక్కన మీ మోకాళ్ళు ఇప్పుడు అడుగడుగునా 170 కిలోలకు పైగా తక్కువ మోస్తున్నాయి. ఆ 999 మెట్లు మీరు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలగడంలో ఈ తేడాకు చాలా పాలుంది.

మీరు తగ్గిన తీరు కూడా సవ్యమైనదే. వంద కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 350 కేలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల లోటు ఏర్పడాలి, అంటే రోజూ గంట చొప్పున మూడు వారాల నడక. దానికి రాత్రి అన్నం మానడం తోడైంది కనుక నెలకు సగటున 2 కిలోలు తగ్గారు. ఇది నిదానమైన, నిలబడే వేగం. ఇంత నిదానంగా తగ్గినా చర్మం ఎందుకు వదులైందని మీరు బాధపడుతున్నారు గనుక దాని సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

చర్మం లోపలి పొరలో రెండు రకాల పోగులుంటాయి. కొల్లాజెన్ అనే పోగు చర్మానికి గట్టిదనం ఇస్తుంది, ఎలాస్టిన్ అనే పోగు సాగదీసి వదిలినప్పుడు మళ్ళీ వెనక్కి లాగుతుంది. ఎలాస్టిన్‌ను మన శరీరం చాలావరకు తల్లి కడుపులోనూ చిన్నతనంలోనూ తయారుచేసుకుంటుంది; పెద్దయ్యాక తెగిన పోగుల స్థానంలో అంత మంచివి మళ్ళీ అల్లలేదు. పాత లంగాలో ఏళ్ళ తరబడి సాగిన ఎలాస్టిక్ పట్టీని ఎన్నిసార్లు ఉతికి ఆరేసినా మునుపటిలా బిగుసుకోదు కదా, ఇదీ అంతే. ఎన్నేళ్ళు లావుగా ఉన్నాం, ఎన్ని కాన్పులయ్యాయి, వయసెంత, వంశంలో చర్మం ఎలాంటిది, ఎంత ఎండ తగిలింది, పొగాకు అలవాటుందా అన్నవే చర్మం ఎంత వదులవుతుందో నిర్ణయిస్తాయి. మీరు నడిచిన తీరులో పొరపాటేమీ లేదు. బరువు నిలబడ్డాక ఏడాది, రెండేళ్ళ వరకు చర్మం కొంత దగ్గరపడుతుంది, మీకు ఇంకా నాలుగు నెలలే అయింది. కానీ అంత పెద్ద మడత పూర్తిగా లోపలికి పోతుందని మాత్రం నేను మీకు ఆశ పెట్టలేను.

ఇంకా ఎక్కువ నడిస్తే చర్మం బిగుస్తుందా అంటే, బిగుసుకోదు. నడక కొవ్వును తగ్గిస్తుంది, గుండెకూ కాళ్ళకూ మేలు చేస్తుంది, చర్మపు పోగులను మాత్రం మార్చలేదు. ఆరేడు కిలోమీటర్లను పన్నెండు చేస్తే తొడలు ఒరుసుకుపోతాయి, ఇంకాస్త బరువు తగ్గి ముడత ఇంకాస్త పెరుగుతుంది. ఎత్తుకు తగిన బరువు లెక్కలో (బి.ఎం.ఐ.) మీరిప్పుడు 27 దగ్గర ఉన్నారు, మన దేశంలో 25 నుంచి ఊబకాయంగా లెక్కిస్తారు. అందువల్ల మున్ముందు మరో ఐదారు కిలోలు తగ్గడం ఆరోగ్యానికి మంచిదే. అయితే దానికి తొందర లేదు, ఇప్పటికి ముందు చేయవలసిన పని వేరే ఉంది.

పొట్ట మీది మడతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూడండి. దుప్పటి మడతలా మందంగా ఉంటే అందులో ఇంకా కొవ్వు ఉన్నట్టు, పాత నూలు చీరలా పలచగా జారితే అది కేవలం చర్మమే. చాలామందిలో పైభాగం పలచగానూ బొడ్డు కింద మందంగానూ ఉంటుంది. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల మాత్రం కాస్త పైకెత్తి, బొడ్డుకు పైనా కిందా నడిమధ్య గీత వెంట వేళ్ళతో నొక్కి చూడండి. అక్కడ రెండు వేళ్ళు దిగేంత సందు ఉన్నా, నిలువు గట్టులా పైకి ఉబికినా, రెండు కాన్పుల తర్వాత పొట్ట కండరాలు విడిపోయి ఉన్నాయని అర్థం. ముందుకు పొడుచుకొచ్చే పొట్టకు తరచు అసలు కారణం ఇదే, దాన్ని చర్మం అనుకుని ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళు ఉన్నారు. దగ్గినప్పుడు పాత ఆపరేషన్ కుట్టు దగ్గర ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు, వ్యాయామాలు మొదలుపెట్టకముందే సర్జన్‌కు చూపించండి.

ఇక మడత కింది మంట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే, ఆలస్యం చేయకూడనిదీ ఇదే. గుణుపురం నుంచి నా దగ్గరకు వచ్చే ఒక కిరాణా వ్యాపారి 38 కిలోలు తగ్గాక ఇదే బాధతో వచ్చారు. చొక్కా విప్పమంటే ముందు తలుపు గడియ పెట్టమని అడిగారు. మడత ఎత్తి చూస్తే లోపల పొద్దుటి నుంచి పెట్టుకున్న చేతిరుమాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది. దాని కింద చర్మం, గంటల తరబడి బట్టలుతికిన చేతివేళ్ళలా తెల్లగా నాని ఉంది. అంచు ఎర్రగా ఉంది, ఆ అంచు దాటి చిన్న చిన్న ఎర్రటి పొక్కులు చెదురుమదురుగా ఉన్నాయి. చెమట, వేడి, ఒరిపిడి మూడూ ఒకచోట కలిసినప్పుడు పెరిగే ఫంగస్ సాధారణంగా అలాగే కనిపిస్తుంది. సముద్రపు తేమ ఉన్న మీ బరంపురంలో వైశాఖం నుంచి వానలు వెనక్కి తగ్గేదాకా అది పెరగడానికి అన్నీ అనుకూలమే.

మందుల షాపులో ఇచ్చిన ఆ ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరుంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. అది రెండు రోజుల్లో ఎరుపునూ దురదనూ అణచివేస్తుంది, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది. పైగా మడతల్లో స్టెరాయిడ్ ఎక్కువగా ఇంకి, ఇప్పటికే సాగి ఉన్న చర్మాన్ని మరింత పలచన చేసి చారలు పడేలా చేస్తుంది. మన దేశంలో తామర ఇంతగా మొండికెత్తడానికి ఈ మిశ్రమ క్రీములను చీటీ లేకుండా కొని వాడుకోవడం ఒక పెద్ద కారణం. దాన్ని ఆపి చర్మవైద్యులకు చూపించండి. సాధారణంగా క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందును మాత్రమే రోజుకు రెండుసార్లు రాయమంటారు, మచ్చ కనిపించకుండా పోయాక కూడా వారం పది రోజులు కొనసాగించమంటారు. స్టెరాయిడ్ క్రీము ఆపిన తొలి రోజుల్లో మంట కాస్త పెరగవచ్చు, భయపడి మళ్ళీ పాత ట్యూబు తీయవద్దు. మళ్ళీ మళ్ళీ వస్తోంది గనుక మూడు నెలల సగటు చక్కెరను తెలిపే రక్తపరీక్ష ఒకసారి చేయించండి.

మందుకన్నా ముఖ్యం పొడిగా ఉంచడం. నడిచి వచ్చాక తప్పనిసరిగా స్నానం చేయండి, మడత ఎత్తి రుద్దకుండా అద్ది తుడవండి, తర్వాత ఫ్యాను కింద పడుకుని మడతను పైకి పట్టుకుని ఐదు నిమిషాలు గాలి తగలనివ్వండి. పాత నూలు చీరను వెడల్పాటి పీలికలుగా చించి ఉతికి ఉంచుకుని, బడికి వెళ్ళేటప్పుడు ఒకటి మడతలో పరచుకోండి, మరొకటి సంచిలో పెట్టుకోండి; మధ్యాహ్నం భోజనం వేళ మార్చవలసిందే, ఎందుకంటే తడిసిన పీలిక అసలు లేకపోవడం కన్నా చెడ్డది. పౌడరు చెమటతో ముద్దకట్టి గీసుకుంటుంది, కొబ్బరినూనె చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. నూనె రెట్టలకూ తొడలకూ పైపైన రాసుకోండి, మడత లోపల వద్దు. లంగా బొందు సరిగ్గా మడత మొదట్లో బిగుసుకుంటుంది కాబట్టి దాని స్థానంలో మూడు వేళ్ళ వెడల్పు మెత్తటి పట్టీ కుట్టించుకోండి. బొందు ఒరుసుకున్నచోట వారాల తరబడి మానని పుండు ఉంటే తప్పక చూపించాలి. అలాంటి చోట ఏళ్ళ తరబడి ఒరిపిడి వల్ల అరుదుగా చర్మ క్యాన్సర్ కూడా వచ్చిన సందర్భాలున్నాయి.

నేను ముందు చేయమన్న పని కండను తిరిగి కట్టుకోవడం. బరువు తగ్గేటప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు, దానితోపాటు కండ కూడా కొంత కరుగుతుంది. నడకలో చేతులకూ భుజాలకూ పని తక్కువ గనుక మీ రెట్టల్లో కొవ్వూ కండా రెండూ పోయి చర్మం ఖాళీ సంచిలా మిగిలింది. ఆ సంచిని పూర్తిగా నింపలేం గానీ, లోపల కండ పెరిగితే ఆకారంలో కంటికి కనిపించేంత తేడా వస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాల నడకతోపాటు కనీసం రెండు రోజులు కండకు పనిచెప్పే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మీరు మొదటిది ఎప్పుడో దాటిపోయారు, రెండోది మొదలే పెట్టలేదు. గోడకు రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి లేవడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకుని తలపైకి ఎత్తడం, వాటినే వెనుకకు వంచి మోచేయి చాచడం, ఇవి చాలు. ఒక్కోటి పదిసార్లు చొప్పున మూడు విడతలు, వారంలో మూడు రోజులు. పదిసార్లు సులువైపోయిన రోజున సీసాలు మార్చి రెండు లీటర్లవి పట్టుకోండి, ఆ పెంపు లేకపోతే కండ పెరగదు. ఫలితం కనిపించడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పొట్ట కండరాలు విడిపోయి ఉంటే మాత్రం పడుకుని లేచే వ్యాయామాలు సొంతంగా చేయకుండా ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

మజ్జిగ, దోసకాయలతో కండ రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే మీకు 58 గ్రాములు. కండ కట్టుకునే రోజుల్లో 70 నుంచి 80 గ్రాముల వరకు వెళ్ళవచ్చు, మూత్రపిండాల జబ్బు ఉంటే తప్ప. గుడ్డులో ఆరు గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20, 100 గ్రాముల పచ్చి పప్పులో 22 వరకు, 100 గ్రాముల ఎండు సోయా బడిలో (మీల్ మేకర్) 50 గ్రాముల వరకు ఉంటాయి. మీ ఇంటి పక్క ఒడియా వారు వండే దాల్మా ఇందుకు చక్కటి వంట, పప్పు పాలు పెంచి కూరగాయలతో ఒక గిన్నెడు రాత్రి పూట తినండి, దానితో ఒక గుడ్డు గానీ రెండు చేప ముక్కలు గానీ చేర్చండి. మీరు అన్నం మానడం వల్ల తగ్గారు, అది సరే. కానీ రాత్రి దాదాపు పస్తు ఉండటం ఇక మీకు మేలు చేయదు.

ఆ మెషీను గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. వేడినీ ధ్వని తరంగాలనూ చర్మం లోపలికి పంపే ఆ పరికరాలు కొద్దిపాటి సడలింపును కొద్దిగా మెరుగుపరచగలవు, చేత్తో ఎత్తి పట్టుకోవలసినంత మడతను అవి ఎత్తలేవు. మీ పొట్టను చూసి కూడా ఎనిమిది సిట్టింగుల్లో బిగిస్తామన్నవారు మీకు నిజం చెప్పలేదు. కట్టిన 10 వేలు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఒకవేళ ఇవ్వకపోయినా, అది పోతుందన్న బాధతో మిగతా 50 వేలు కట్టవద్దు. బిగించే క్రీములన్నీ చర్మానికి తేమ ఇస్తాయి, అంతకు మించి ఏమీ చేయవు.

మడతను తీసివేయగలిగేది ఆపరేషన్ ఒక్కటే. అది తప్పదా అంటే, ప్రాణానికి సంబంధించి తప్పనిసరి కాదు. చక్కగా పొడిగా ఉంచుకుని, సరైన మందు వాడినా కూడా మడత కింద పుండ్లు తిరగబెడుతూ, నడకకు అడ్డం వస్తూ ఉంటే అప్పుడు చేయించుకోవడానికి బలమైన కారణం ఉన్నట్టే. అంత ఇబ్బంది లేకపోయినా అద్దంలో చూసుకున్నప్పుడు కలిగే బాధ కూడా ఒక కారణమే, దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ఆ నిర్ణయం బంధువుల మాటల వల్ల కాక మీ ఇష్టం వల్ల జరగాలి. బరువు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఒకే దగ్గర నిలబడాలి, రక్తం, మాంసకృత్తులు తగినంత ఉండాలి. వేలాడే భాగాన్ని మాత్రమే కోసి తీయడం ఒక పద్ధతి, దానితోపాటు విడిపోయిన కండరాలను దగ్గరకు కుట్టి బొడ్డును తిరిగి అమర్చడం ఇంకొకటి. ఏదైనా సరే, ఒక పక్క తుంటి ఎముక నుంచి రెండో పక్క దాకా గాటు జీవితాంతం ఉంటుంది. కొన్ని రోజులు నీరు పోవడానికి గొట్టాలు పెడతారు, మొదట్లో వంగి నడవాలి, నెల పైగా బిందె కూడా ఎత్తకూడదు, బడికి మూడు నాలుగు వారాలు సెలవు పెట్టాలి. చర్మం కింద నీరు చేరడం, కుట్టు అంచులు విడిపోవడం, చీము పట్టడం, కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం వంటి ప్రమాదాలున్నాయి. చివరిది అరుదు, కానీ ప్రాణాంతకం కావచ్చు. రెట్టల ఆపరేషన్‌లో గాటు చంక నుంచి మోచేతి దాకా వస్తుంది, జాకెట్టు చేయి కిందనుంచి కనిపిస్తుంది, అందువల్ల దానికి తొందరపడవద్దనే నా సలహా.

ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ చదివిన సర్జన్‌నే కలవండి. విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, కటక్‌లోని ఎస్.సి.బి. వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆ విభాగాలున్నాయి, వెళ్ళి సలహా తీసుకున్నంత మాత్రాన చేయించుకోవాలని లేదు. అందం కోసం చేసే ఆపరేషన్లకు బీమా సాధారణంగా వర్తించదు. వైద్య అవసరమని డాక్టరు రాసినప్పుడు పరిశీలించే వీలుంది గనుక చర్మవైద్యుల చీటీలు, ఫోటోలు తేదీలతో సహా దాచిపెట్టండి.

బంధువుల సంగతి. మన వైపు ఒళ్ళు చేస్తే సుఖపడుతున్నారనీ, తగ్గితే చిక్కిపోయారనీ అనుకోవడం పాత అలవాటు. మన ఇళ్ళలో నిజంగా చక్కెర జబ్బుతో, క్షయతో చిక్కిన మనుషులను చూసిన భయం అందులో ఉంది. కారణం లేకుండా బరువు తగ్గితే తప్పక పరీక్షించుకోవాలి, మీ బరువుకు కారణం మీకు తెలుసు. "రోజూ నడుస్తున్నానండి, రెండేళ్ళు పట్టింది, డాక్టరు గారు బాగానే ఉన్నావన్నారు" అని ఒక్కసారి నిదానంగా చెప్పండి, రెండోసారి అడిగిన వారికి వేరే కబురు చెప్పండి. మీ వారి విషయం వేరు. దీపం ఆర్పుతున్న కారణం ఆయనకు తెలియక, తననే దూరం పెడుతున్నారని అనుకుంటూ ఉండవచ్చు. మడత కింద పుండు పడిందని, మందు రాయడానికి వెనుక వైపు చేయి అందడం లేదని అడగండి. ఇలాంటి చిన్న పనితోనే ఆ మాట మొదలవడం నేను చూశాను. అలా కాకుండా ఆయనే ఎగతాళి చేస్తున్నట్లయితే నాకు మళ్ళీ రాయండి, అప్పుడు చెప్పవలసింది వేరే ఉంటుంది.

మాఘానికి ఇంకా వ్యవధి ఉంది. పెళ్ళికి కట్టేది బరంపురం పట్టు అయితే పాత జాకెట్లను లోపల కుట్లు వేసి బిగించి తొడుక్కోవద్దు, ఆ మడతపడిన గుడ్డ చంకలో గీసుకుంటుంది. ఇప్పటి కొలతలు ఇచ్చి కొత్తది కుట్టించండి, చేయి మోచేతి దాకా ఉంచి, చంక కింద పట్టుకు బదులు మెత్తటి నూలు ముక్క వేయమని దర్జీకి చెప్పండి.